అమ్మ తొడుగుతో కొన్న కెమెరా

అన్నయ్యా, అమ్మకి కెమెరా కొనేశాను. నీ పుస్తకాల వెనక దాచాను. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరు, నువ్వు కూడా.

ముందు ఒక పని చెయ్యి. అమ్మ కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు కెమెరా డబ్బాలోనే ఉంది. ఆవిడ చూడకుండా మిషను సొరుగులో పడేయి. పొద్దున్నుంచి వెతుకుతోంది. నువ్వే ఎక్కడో పారేశావని చెప్పాను, ఏమీ అనుకోకు.

నువ్వు మోజుపడ్డ పెద్ద కెమెరా మన డబ్బులకి అందలేదు. అందినా కొనేదాన్ని కాదు, దాని బటన్లు ఆవగింజలంత ఉన్నాయి. అమ్మ పని మధ్యలో తొడుగు తియ్యదు కదా. అందుకే అది పెట్టుకుని షాపులో అన్నీ నొక్కి చూశాను. ఈ చవక కెమెరా ఒక్కటే సరిగ్గా పలికింది. షాపతను నవ్వాడు, నవ్వనీ. ఇక కుట్టిన ప్రతి గౌనూ ఇచ్చేసే ముందు ఆవిడ నోటుబుక్కులో బొమ్మ గీసుకోనక్కర్లేదు.

చెల్లి

తా.క.: అందులో ఉన్న ఒక్క ఫొటో చెరపకు. ఏదో ఒకటి తీసి చూడమని షాపతనంటే, నా ఒంటిమీదున్న చొక్కా కాలరుకే ఫొటో తీశాను. అమ్మ కుట్టు ఎంత ముద్దుగా పడిందో చూడు. చొక్కా నీదే. పుట్టినరోజుకని దాచుకున్నావే, అదే.