చిరాగ్‌పల్లి దిగుడు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ రెండు సీట్ల ఎర్ర కారును పొద్దుగాల, నువ్వు పోయినంక మొదటిసారి, నేనే బయటికి తీసిన. చిరాగ్‌పల్లి దిగుడు రాంగనే, నీ లెక్కనే, పెట్రోలు మిగలాలని ఇంజన్ బంద్ చేసిన.

యాదికున్నదా? ఆ కారు మోతల ఒకరి మాట ఒకరికి వినపడకపోయేది. ఇంటి ముచ్చట్లన్నీ ఈ దిగుడు మీదనే మాట్లాడుకుంటుంటిమి. "జల్ది చెప్పురా, కిందికి పోతే మళ్ల ఇంజన్ చాలూ చెయ్యాలె" అంటుంటివి.

ఇయ్యాల గాలి చప్పుడొక్కటే వినొచ్చింది. దిగుడు అప్పుడే అయిపోవద్దని బ్రేకు తొక్కుకుంట వచ్చిన. ఊకె బ్రేకు తొక్కితే పెట్రోలు దండుగని నన్ను ఎన్నిసార్లు తిట్టలేదు!

కారు కింద ఆగింది. అండ్లనే కూసొని రాస్తున్న. జర తిట్టన్నా. ఇంజన్ ఇంకా బందే ఉన్నది, వినపడుతది.