ఐదు మార్కుల జవాబు

పెనుకొండ, 10-7-61
ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో జర్మనీలో యూదుల చావుకు నాలుగంటే నాలుగు వాక్యాలు. పేపర్లో మాత్రం రోజూ, వాళ్ళను చంపించిన ఒక జర్మన్ అధికారి మీద జరిగే కోర్టు విచారణ సంగతులే. చదివితే అన్నం సహించడం లేదు. పదమూడేళ్ళ పిల్లలకు ఎంతవరకు చెప్పాలి? ఎవర్ని అడగాలి?

12-7-61
చెప్పేశాను. చంపడం సంగతి ఆఖర్న రెండు మాటల్లో. దానికి ముందు జరిగిందే ఎక్కువ చెప్పాను — బట్టల మీద గుర్తు కుట్టించుకోమనడం, పార్కుల్లో బెంచీలు వేరు చేయడం, బడికి రావద్దనడం. అంతా ఒక్క రోజులో జరగలేదని పిల్లలకు తెలియాలని.
సుశీల ఏడ్చేసింది. ఎర్రమంచి ఊళ్ళో పెద్ద రైతు కూతురు, మెత్తని పిల్ల. "అట్ల చేస్తాంటే పక్కింటోళ్ళు ఊరికే చూస్తా ఉండిరా టీచర్?" అని అడిగింది. నిజం చెప్పొద్దూ, పాఠం బాగా వచ్చిందని పొంగిపోయాను.

13-7-61
హెడ్మాస్టరు గారు పిలిపించారు. సిలబస్‌లో లేనిది ఎందుకమ్మా అన్నారు. నాది ఇంకా టెంపరరీ పోస్టని గుర్తు చేశారు, నేనేదో మరిచిపోయినట్టు.

18-9-61
క్వార్టర్లీ పరీక్షలు అయిపోయాయి. మొండితనం కొద్దీ ఆ పాఠం నుంచే ఒక ప్రశ్న ఇచ్చాను — జర్మనీలో యూదులను తోటివారి నుండి ఏ విధముగా వేరు చేసిరి? ఐదు మార్కులు.

20-9-61
పేపర్లు దిద్దుతున్నాను. అందరూ గుర్తు, బెంచీ, బడి. ఓబులమ్మ పేపరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.
"జర్మనీలో యూదులు బిందెను ముట్టుకొనరాదు. బిందె వద్ద ఒక ఆమె ఉండును. ఆమె చెంబు పైకెత్తి పోయును. వారు వంగి దోసిలి పట్టి తాగవలెను. చెంబు చేతికి తగలరాదు. అందరూ తాగిన తరువాతనే వారికి పోయుదురు. బెల్లు కొట్టినచో తాగకనే పోవలెను."
మొదట నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.
బిందె దగ్గరి ఆమె మా ఆయా రంగమ్మ. ఆ బిందె నా క్లాసు గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. ఈ తరగతిలో హరిజన హాస్టలు నుంచి వచ్చే పిల్ల ఓబులమ్మ ఒక్కతే. జూన్ నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను... చూశానా?

21-9-61
ఇంటర్వెల్లో బిందె దగ్గర నిలబడ్డాను. సుశీల తనే ముంచుకుని తాగింది, స్నేహితురాళ్ళకూ ఇచ్చింది. ఓబులమ్మ దూరంగా, గోడ పక్కన. తన వంతు వచ్చేసరికి బెల్లు. రంగమ్మ మూత పెట్టేసింది.
రంగమ్మను అడిగితే, "నన్నడుగుతావేంటికి తల్లీ? పెద్దసారు పెట్టిన పద్ధతి ఇది" అంది.
నేనేం చేశాను? ఏమీ చేయలేదు. క్లాసులోకి వెళ్ళి హాజరు తీసుకున్నాను.

22-9-61
మంగళవారం హిందూపురం నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. తరగతికి ఒక కట్ట చొప్పున దిద్దిన పేపర్లు బల్ల మీద పెట్టాలట. హెడ్మాస్టరు గారు నా కట్ట తిరగేస్తూ ఓబులమ్మ దగ్గర ఆగారు. తర్వాత చాలా మెల్లగా —
"జర్మనీలో బిందె యాడుండాదమ్మా? తప్పు జవాబు. సున్నా వేసి, అడ్డంగా గీత కొట్టు."
ఇలాంటివి కూడవని చట్టం వచ్చి ఎన్నేళ్ళయింది. ఇన్‌స్పెక్టరు చదివి, ఇది ఎక్కడమ్మా జరిగింది అని ఒక్క మాట అడిగితే చాలు. హెడ్మాస్టరు గారికి అదే భయం. నా పోస్టు ఖాయం చేసే రిపోర్టు రాయాల్సిందీ ఆయనే కాబట్టి నాకు ఇంకా భయం.
పైగా ఆయన చెప్పింది అబద్ధం కాదు. జర్మనీలో అలా పోసేవారని నేను చెప్పలేదు. కానీ ఈ ఐదూ లేకపోతే ఓబులమ్మకు ముప్ఫై ఒకటి. తప్పుతుంది. తప్పిన వాళ్ళకు హాస్టల్లో సీటు కష్టం.

ధర్మవరం, 24-9-61
పొద్దున రైలుకు ఇంటికి వచ్చాను. నాయన మగ్గం దిగకుండానే అంతా విన్నారు. ఉద్యోగం ఖాయమయ్యేదాకా నోరు మెదపొద్దన్నారు. ఆయన కళ్ళు పోగుల మీదే ఉన్నాయి. ఆయన్ని తప్పు పట్టలేను, నన్ను చదివించింది ఆ మగ్గమే.
మధ్యాహ్నం పెరట్లో కట్టెలు కొట్టే మనిషి నీళ్ళడిగాడు. అవ్వ లేచి చెంబు పైకెత్తి పోసింది. ఆయన వంగి దోసిలి పట్టాడు.
అవ్వ ఎంత జాగ్రత్తగా పోసిందో! నేను పుట్టినప్పటి నుంచీ అంతే. ఓబులమ్మను పట్టించుకోలేదని సుశీలను అనడానికి నాకేం మొహం ఉంది? సిగ్గుగా ఉంది. సాయంత్రం బండికే పెనుకొండ వెళ్ళిపోతున్నాను.

పెనుకొండ, 25-9-61
రేపే ఇన్‌స్పెక్టరు. పది గంటల బస్సుకట.
మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఓబులమ్మను క్లాసులోనే ఉండమన్నాను. ఆ జవాబుకు ఇంకా మార్కు వేయని పేపరు చూపించి, ఇది ఏ పుస్తకంలో ఉంది, ఎవరు చెప్పారు అని అడిగాను. గొంతు గట్టిగానే వచ్చినట్టుంది. పిల్ల బెదిరిపోయింది.
"బెంచీలు వేరే చేసినారని చెప్పినారు కదా టీచర్. నీళ్ళెట్ల ఇస్తా ఉండిరో మీరు చెప్పలే. ఎట్లనో ఒకట్ల ఇచ్చింటారు కదా... నాకు తెలిసినట్ల రాసినా."
ఎత్తిపొడుపు కాదు. నా మొహంలోకి చూస్తూ, జవాబు ఒప్పో తప్పో తెలుసుకోవాలని నిలబడింది.
"తప్పాయనా టీచర్? పెన్నియ్యండి, నేనే కొట్టేస్తా."
చెయ్యి చాచింది. పెన్ను నా చేతిలోనే ఉంది. ఇవ్వలేదు. తప్పు కాదని మాత్రం చెప్పలేకపోయాను.