లోపలి పొర నాదే

మదురై కంటాసుపత్రి నుంచి

అమ్మకు మునీశ్వరి రాసేది. ఆపరేషన్ అయింది, బాగున్నాను, ఇక ఏడవకు.

"కన్నే పెరికి వేరే కన్ను పెడతారంట గదా" అని కోవిల్‌పట్టి బస్టాండులో గోల చేశావే, అలా కాదమ్మా. కడలమిఠాయికి, అదే పల్లీపట్టీకి, కాచే బెల్లం పాకం చింది మచ్చ కట్టింది నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే భాగంలో పైపొరలకే. వాటిని తీసి, చనిపోయినవారు ఇచ్చిన పొర కుట్టారు. అన్నిటికంటే లోపలి పొర మాత్రం నాదే ఉంచాలని డాక్టరమ్మ పట్టుదల. కంటికొక్కదానికే మత్తు ఇచ్చారు, మాటలన్నీ వినబడ్డాయి. "సూదితో గాలి ఎక్కిస్తాను. ఆ గాలికి పొరలు విడిపోవాలి. లోపలిది చినిగితే మొత్తం మార్చాలి, కదలకమ్మా" అని అరవంలో చెప్పింది. నేను మారియమ్మను తలుచుకుంటూ పడుకున్నాను. కాసేపటికి "విడింది, చినగలేదు!" అని ఆమే చిన్నపిల్లలా అరిచింది.

ఈ పొద్దు కట్టు విప్పారు. ఇంకా మసకే. నర్సు చెయ్యి చూపి ఎన్ని వేళ్ళని అడిగితే, "మూడు, ఒకదానికి ఉంగరం ఉండాది" అన్నాను. నీ అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ "బజ్జీ కారం గాటుగా ఉండాది" అంటాడు. చేతిలో బజ్జీయే లేదు!

మేక ఈనిందా? పాప బడికి పోతోందా? నేను పొయ్యి పొగకు పోకూడదట, కొన్నాళ్ళు వంట నీదే.

ఆ పొర ఇచ్చినవారెవరో ఇక్కడ చెప్పరు. పాపకు నా ముద్దులు. దీపం పెట్టేటప్పుడు, పొర ఇచ్చిన ఆ ఇంటివాళ్ళు చల్లగా ఉండాలని మొక్కు.

నీ కూతురు
మునీశ్వరి