పుస్తకంలో ఇరవై

ఏప్రిల్ 4, శనివారం

పొద్దున్నే నాన్న మోకాలి మందుతో పళ్లు తోముకున్నాడు. రెండు ట్యూబులూ తెల్లవే, రెండింటికీ నీలం మూతలే. నోరు మండిపోయి పెరట్లో గంతులేస్తుంటే, అమ్మ ట్యూబు తిప్పి తాపీగా చదివి వినిపించింది. "పైపూతకు మాత్రమే." అమ్మకి చదవడం నేనే నేర్పాను. నాలుగు నెలలైంది. ఇప్పుడు షాపుల బోర్డులన్నీ పైకి చదివి అందరినీ చంపుతోంది.

"నాన్నా, ఇకనైనా అక్షరాలు నేర్చుకో."

"ముప్పై ఏళ్లు లారీ తోలాను. అంకెలొచ్చు, చాలు. అక్షరాలు రావని ఏ రోడ్డూ నన్ను వెనక్కి పంపలేదు."

"నాలిక్కి తెలుసు ఆ సంగతి," అంది అమ్మ.

మాటా మాటా పెరిగి నా కారు మీదికి వచ్చింది. ప్రతి సోమవారం హైవే మీద నూట అరవై కిలోమీటర్లు వెళ్లి నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేస్తాను, శుక్రవారం తిరిగొస్తాను. సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు. లీటరుకి పదిహేనే ఇస్తోంది. దాంతో వచ్చిన పుస్తకంలో మాత్రం ఇరవై అని ఉంది.

"పుస్తకం చదివితే బండి తక్కువ తాగుతుందా?" అని నాన్న నవ్వాడు.

పందెం (మాట పోకుండా రాసిపెడుతున్నా): మూడు వారాల్లో, ఒక్క ప్రయాణంలోనైనా, పుస్తకంలో ఉన్నంత మైలేజీ తేవాలి. తెస్తే నాన్న పలక పడతాడు. తేకపోతే ఈ ఇంట్లో నేను అక్షరాల మాట ఎత్తకూడదు. ఎప్పటికీ.

నేను ల్యాబులో కొలతలు తీసే మనిషిని. గెలుపు నాదే!

ఏప్రిల్ 5, ఆదివారం

బరువు తగ్గించాలి. డిక్కీలో దొరికినవి: మడత కుర్చీలు రెండు. గొడుగులు మూడు, ఒకటి తెరుచుకోదు. నీళ్ల క్యాన్లు నాలుగు. చాప. నాన్న పాత లారీ జాకీ, పదకొండు కిలోలు.

"లారీ పోయినా జాకీ ఉండాలి."

"ఎందుకు నాన్నా?"

"ఉండాలి."

తీసేశాను. పైనున్న క్యారియర్ కూడా విప్పేశాను, గాలికి అడ్డం. టైర్లలో గాలి కొలిపించాను. నాలుగూ మెత్తబడి ఉన్నాయి, సిగ్గేసింది.

నియమాలు: 85 దాటకూడదు. ఏసీ వద్దు. ముందు బండి బ్రేకు లైటు వెలగక ముందే కాలు తీయాలి.

నాన్న: దిగుడులో న్యూట్రల్ చెయ్యి. పుస్తకం: చెయ్యకు, గేరులో ఉంచి కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లకు పెట్రోలు అసలు వెళ్లదు. ఇది చదివి వినిపిస్తే నాన్న ఇంకో గరిటె పప్పు వడ్డించుకున్నాడు. చేయి కడుక్కుంటూ మాత్రం, "చెప్పులు విప్పి తోలు. చెప్పు వేసుకున్న కాలికి బండి మాట వినపడదు," అన్నాడు. ఇది పుస్తకంలో లేదు.

ఏప్రిల్ 6, సోమవారం

5.10 బయల్దేరాను. 84 మీద నిలకడగా. నన్ను దాటిపోయినవి: అన్నీ. పాల వ్యాను. పరుపులు కట్టుకున్న ఆటో. ఒక క్రేను. క్రేను!! దాని డ్రైవరు జాలిగా చూశాడు.

పోనీ. దిగేముందు సగటు మైలేజీ చూపించే మీటరు చూశాను. 16.6! మొదటి రోజే! ఇరవై ఎంత దూరం?

ఏప్రిల్ 10, శుక్రవారం

వచ్చేటప్పుడు తోడుగా నర్సక్క. మా ల్యాబు పక్క ఆసుపత్రిలో పని, ఇల్లు మా వీధి చివర. ఎండ మాడ్చేస్తోంది.

"ఏసీ వెయ్యి అమ్మాయ్."

"పెట్రోలు తాగుతుందక్కా."

"అద్దమన్నా దించు."

"హైవే మీద అద్దం దించితే గాలి లోపలికొచ్చి అడ్డం పడుతుంది."

"ఇక్కడ నా ప్రాణం అడ్డం పడుతోంది."

దారంతా తన నాడి తనే పట్టుకుని పైకి లెక్కపెట్టింది. దిగుతూ, "నూట పది. నీ కారుకంటే నేనే స్పీడు," అంది.

కానీ 17.3! నాన్న వంగి కళ్లద్దాలు సర్దుకుని స్వయంగా చూశాడు. "పర్లేదు. ఇరవైకి ఇంకా చాలా ఉంది పంతులమ్మా."

ఏప్రిల్ 13, సోమవారం

అలారం మోగలేదు. (మోగింది.) 100కి తగ్గకుండా వెళ్లాల్సి వచ్చింది. ఏసీ ఒకటిలో పెట్టాను, అద్దాలు దించడం కంటే నయమని పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ ఇన్నాళ్లూ ఎలా వదిలేశానో!

15.9. ఎదురుగాలి. అసలు సోమవారాలు లెక్కలోకి రావు.

ఏప్రిల్ 17, శుక్రవారం

సిగ్గుతో రాస్తున్నా.

నర్సక్క ఎక్కుతూనే ఏసీ బటన్ మీద వేలు పెట్టి, ఇల్లు చేరేదాకా తియ్యలేదు. "నేను చచ్చాక ఎన్ని లీటర్లైనా మిగుల్చుకో." టోల్ గేటు దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయాం. ఆ కోపంతో 115 తోలాను. ఆ క్రేను మళ్లీ కనిపిస్తే దాటేశాను, హారన్ కొట్టి మరీ.

14.8.

మా ఊరి ముందు పెద్ద దిగుడు ఉంది. దాని నెత్తిన బండి ఉండగా మీటరు బటన్ నొక్కి సున్నా చేశాను. ఎందుకు నొక్కానో నాకే తెలీదు. తెలుసు. దిగుడంతా కాలు పెట్టలేదు. ఇంటి ముందు ఆపేసరికి 18.9 చూపించింది.

నాన్న చూశాడు. "అబ్బో," అన్నాడు. అంతే.

ల్యాబులో ఎవరైనా మురికి శాంపిల్ పారబోసి కుళాయి నీళ్లు పట్టి తెస్తే వాళ్లని నేనేమంటానో నాకు బాగా తెలుసు.

ఏప్రిల్ 20, సోమవారం

110. ఏసీ మూడులో. చెప్పులు వేసుకునే తోలాను. డిక్కీలో ఏదో దొర్లిన చప్పుడు. జాకీ. కుర్చీలూ తిరిగొచ్చాయి. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

14.1.

ఏప్రిల్ 24, శుక్రవారం

ఆఖరి రోజు. పని ముగించుకుని వస్తే ల్యాబు గేటు దగ్గర నాన్న! సాక్షిగా బస్సెక్కి వచ్చాడట. ముందు సీట్లో కూర్చున్నాడు. నర్సక్క వెనక సీట్లో, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న ఐస్ సంచీ నెత్తిన పెట్టుకుని.

చెప్పులు విప్పాను. 84. ఎంత చేసినా 16.4 దాటలేదు. సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆపాం. పందెం పోయింది. ఇంక ఈ మనిషి జన్మలో పలక పట్టడు, ఏ ట్యూబు దొరికితే దాంతోనే పళ్లు తోముకుంటాడు.

"ఏదీ, ఆ ఇరవై ఎక్కడుందో చూపించు," అన్నాడు.

పుస్తకం తెరిచి ఇచ్చాను. చేయి చాపి దూరంగా పట్టుకుని 20 మీద వేలు పెట్టాడు. ఆ వేలు మెల్లగా పైకి పాకింది. గడి నెత్తిన ఉన్న మాట దగ్గర ఆగింది.

"అమ్మలూ, ఇది నాకు తెలిసిన మాటే."

"నీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్లు బంకులో ఈ బొమ్మ ముందేగా లారీ ఆపింది? పక్క గొట్టం పెట్టించుకుంటే బండి చస్తుంది. డీజిల్. మనది పెట్రోల్ కాదూ?"

చూశాను. డీజిల్. ఆ పక్క గడి మీద పెట్రోల్. దాని కింద 17.

మా ఇంట్లో అందరికంటే ముందు చదువుకున్నదాన్ని. మూడు వారాలుగా పక్క గడి చదువుతున్నాను.

నర్సక్క ఐస్ సంచీ తీసి నా నెత్తిన పెట్టింది. "మనది కాని డీజిల్ కోసమా తల్లీ నన్ను ఉడకేసింది!"

ఇంటికొచ్చే దిగుడులో నాన్న రోడ్డు చూడలేదు. నా చేతులే చూశాడు.

ఏప్రిల్ 25, శనివారం

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే లేపాను.

"నాన్నా, పందెం నేనే గెలిచాను. పుస్తకంలో ఉన్నది పదిహేడు. పదో తారీకున నేను తెచ్చింది పదిహేడు పాయింట్ మూడు. నువ్వే చూశావు."

"నోటితో ఇరవై అన్నావు."

"రాసింది 'పుస్తకంలో ఉన్నంత' అని. ఇదిగో, నా డైరీలో."

"నువ్వు రాసింది నువ్వే చదివితే ఎలా నమ్మేది? డీజిల్‌ని పెట్రోల్ అని చదివిన మొహానివి."

"నేను చదువుతా ఇలా తే," అంది అమ్మ.

"నువ్వు దాని పార్టీ." నాన్న డైరీ లాక్కున్నాడు. "నేనే చదువుకుంటా."

"నీకు రాదుగా!"

"నేర్పు. నేర్చుకుని, ఈ రాత నా కళ్లతో చదివి, అప్పుడు చెప్తా ఎవరు గెలిచారో. ఓడిపోయి నేర్చుకోవడం కాదిది, ముందే చెప్తున్నా."

అమ్మ అప్పటికే పలక తుడుస్తోంది. నేను ఎగిరి గంతేయబోయాను. ఇంతలో నాన్న పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. అంకెలొచ్చుగా. పదో తారీకు దగ్గర ఆగి, "17.3. ఇది నిజమే," అన్నాడు. ఇంకొన్ని తిప్పాడు. పదిహేడో తారీకు. వేలు 14.8 మీద పెట్టాడు. అక్కణ్ణించి 18.9 మీదికి జరిపాడు.

"ఒక్క ప్రయాణానికి రెండంకెలేంటి?"

నేను డైరీ లాక్కోబోయాను. ఇవ్వలేదు.

పలక ఒళ్లో పెట్టుకుని కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అ ఆలు తర్వాత చూద్దాం. ముందు ఈ పేజీ నేర్పు పంతులమ్మా."

ఏప్రిల్ 27, సోమవారం

మొదటి రోజు. లక్ష్యం 17, పెట్రోల్ గడిలోది, మూడుసార్లు చూసుకున్నాను. 85 దాటను. చెప్పులు విప్పేశాను. మీటరు బటన్ మీద నాన్న ప్లాస్టరు అంటించాడు. నాన్న నిన్నంతా కూర్చుని నేర్చుకున్న మొదటి మాట: సిగ్గు.

5.10 బయల్దేరాను. 5.25కి క్రేను దాటిపోయింది.