అక్కుపల్లి రైడర్

ఏప్రిల్ 21, సోమవారం

మళ్లీ డ్యూటీ ఎక్కాను. రాజేంద్ర పోయాక ఇదే మొదటి మ్యాచ్. పలాసలో కాలేజీ అమ్మాయిల కబడ్డీ. నాకు కుర్చీ వేశారు, కొబ్బరిబొండం ఇచ్చారు. మీ ఆయన ఎలా పోయారని ఎవరూ అడగలేదు. కిడ్నీ అని అందరికీ తెలుసు. ఉద్దానంలో మగమనిషి నలభైకి ముందే పోతే ఇంకేం అడుగుతారు.

నా ఉద్యోగం పేరు వినడానికి గొప్పగా ఉంటుంది. టాలెంట్ స్కౌట్. ఈ ఏడు కొత్తగా ఆడవాళ్ల కబడ్డీ లీగ్ పెడుతున్నారు. మా విశాఖ టీమ్‌కి ఈ జిల్లా కాలేజీల్లోంచి పేర్లు పంపాలి. వేలంపాట కాదు, డ్రాఫ్ట్. టీమ్‌లు వంతులవారీగా ఒక్కొక్క అమ్మాయిని పిలుచుకుంటాయి. ఈ జిల్లా నుంచి ఒక్కరినే తీసుకుంటామని, జాగ్రత్తగా చూడమని మేనేజర్ ఈశ్వరరావు గారు ఫోన్ చేశారు. సరే అన్నాను. ఈ మధ్య అన్నిటికీ సరే అంటున్నాను.

టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీ సుస్మిత బాగుంది. కార్నర్ డిఫెండర్. చీలమండ దొరికిందంటే వదలదు. బుద్ధిగా ఆడుతుంది, బుద్ధిగా మాట్లాడుతుంది, ఆట అయ్యాక మోకాళ్ల ప్యాడ్లు మడతపెట్టి బ్యాగులో సర్దుకుంటుంది. ఇలాంటి పిల్లల్ని మేనేజర్లు కళ్లకద్దుకుంటారు. రాసుకున్నాను.

ఏప్రిల్ 22

పప్పులో ఉప్పు సరిపడా వేసుకున్నాను. మూడేళ్ల తర్వాత. ఉప్పగా ఉంది, అంతే.

ఏప్రిల్ 24, గురువారం

ఒక అమ్మాయిని చూశాను.

పేరు సంతోషి. అక్కుపల్లి. పలాసలో డిగ్రీ రెండో ఏడు. తండ్రి తెప్ప మీద వేటకెళ్తాడు. తల్లి దేముడమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. సంతోషి రైడర్. కూత పెడితే పక్కనున్నవాళ్లకి కూడా సరిగ్గా వినపడదు. గట్టిగా పెట్టమని రిఫరీ రెండుసార్లు అన్నాడు. అవతలి కోర్టులోకి వెళ్లి మధ్యలో నిలబడిపోయింది. నిజంగానే నిలబడిపోయింది. ఏడుగురు డిఫెండర్లు చుట్టూ అటూ ఇటూ కదులుతుంటే, ఈ పిల్ల బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడింది. వాళ్లలో ఒకర్తి ఓపిక పట్టలేక మీదపడింది, ఆమె వెనకే ఇంకో ఇద్దరు. అంతే. ముగ్గురు ఔట్. నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

పదేళ్లు ఆడాను, ఆరేళ్లుగా చూస్తున్నాను. కోర్టులో ఊరికే నిలబడే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఎక్కడ నేర్చుకున్నావంటే, ఇసకలో అన్నలతో ఆడేదాన్నని, ఇసక తర్వాత మ్యాట్ చాలా సుఖంగా ఉందని చెప్పింది.

ధర్మారావు ఆ రైడ్ చూడలేదు. బెంగళూరు టీమ్ స్కౌట్ అతను. బాస్‌కి జీడిపప్పు కొనడానికి బజారుకెళ్లాడు. తిరిగొచ్చి నాకేమైనా మిగిల్చారా మేడం అని నవ్వాడు. సుస్మిత పేరు చెప్పాను. పోటీవాడికి ఎవరైనా నిజం చెప్తారా.

మొదటి పేరు సంతోషి అని రాసి పంపేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

టెక్కలిలో రెండు రోజుల క్యాంపు అయిపోయింది. రేకుల షెడ్డులో మ్యాట్ పరిచారు. లోపల ఉడికిపోయాం. రెండు పూటలా ప్రాక్టీసు, పరుగు, మళ్లీ ప్రాక్టీసు. సంతోషి అన్నిట్లోనూ ముందే. ఎడమకి తిరిగినా కుడికి తిరిగినా ఒకే వేగం. నిన్న పొద్దున్నకీ ఈ సాయంత్రానికీ రెండు కిలోలు తగ్గింది. ఒళ్లు తేలికైన పిల్ల అని మెచ్చుకుంటూ రాశాను.

సాయంత్రం అందరికీ రక్తం తీశారు. మిగతా జిల్లాల వాళ్లకి మామూలు టెస్టులే. మా వేపు వాళ్లకి మాత్రం క్రియాటినిన్ కూడా చేయించమని విశాఖ నుంచి ప్రత్యేకంగా మెసేజ్ వచ్చింది. దానికీ సరే అన్నాను.

ఏప్రిల్ 30, మధ్యాహ్నం

సంతోషిది ఒకటి పాయింట్ ఆరు.

మా ఉద్దానంలో ఈ అంకె గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కిడ్నీ ఎంత పని చేస్తోందో చెప్పేస్తుంది. బస్సులో పక్కసీటు వాళ్లు కూడా నీదెంత అని అడుగుతారు. పెళ్లి సంబంధాల్లో కట్నానికి ముందు దీన్ని అడిగేవాళ్లున్నారు. పందొమ్మిదేళ్ల ఆడపిల్లకి ఒకటి లోపే ఉండాలి. రాజేంద్రది మొదటిసారి చూపించేసరికే నాలుగు దాటింది.

ఈశ్వరరావు గారికి కూడా రిపోర్ట్ వెళ్లింది. పది నిమిషాల్లో ఫోన్. సంతోషి పేరు తీసేసి సుస్మితని పైకి జరపమన్నారు. సరే అన్నాను. భోంచేశాను. గిన్నెలు తోమాను. నాకేమీ అనిపించలేదు. ఇలా ఏమీ అనిపించకపోవడం ఎన్నాళ్లుంటుందో తెలియదు. బాధ కంటే ఇదే నయమని కూడా అనిపిస్తోంది.

మే 1

అక్కుపల్లి వెళ్లాను. ఫోన్లో చెప్పే అంకె కాదు.

దేముడమ్మ ఇసకలో వల పరిచి చేపలు ఎండేస్తోంది. నన్ను చూడగానే కూతురికి టీమ్ దొరికేసిందనుకుంది. కుర్చీ తెమ్మని లోపలికి కేకేసింది. నేను అంకె చెప్పాను. ఆవిడ ముందు వీధి వైపు చూసి, గొంతు తగ్గించమంది. తర్వాత చేతిలో ఉన్న చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తూ కూర్చుంది. తిరగేసినవాటినే మళ్లీ తిరగేసింది. ఆవిడ తమ్ముడు పలాసలో డయాలసిస్‌కి వెళ్తాడట. రాజేంద్ర పక్క మంచంలో అతణ్ణి నేను చూసే ఉంటాను.

అప్పుడే సంతోషి కాలేజీ నుంచి వచ్చింది. మూలనున్న నీళ్ల కేను దగ్గరికెళ్లి చెంబు నింపి గటగటా తాగింది. ఇంకో చెంబు తాగింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఈ పిల్ల నీళ్లు తాగడం నేను ఇదే మొదటిసారి చూడటం.

క్యాంపులో ఏం తాగావని అడిగాను. ఇంటి నుంచి రెండు సీసాలు తెచ్చుకుందట. మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆ తర్వాత నోరు తడుపుకుని ఉమ్మేసింది. షెడ్డులో అన్నేసి నీళ్ల డబ్బాలు పెట్టాం కదా అన్నాను.

"మాయమ్మ ఒట్టెట్టించుకుంది మేడం. ఊరు దాటితే మనింటి కేను నీల్లే గానీ ఇంకెవులి నీల్లూ తాగొద్దని. మావకి ఆ జబ్బు బోరు నీల్లతోనే వొచ్చిందని."

దేముడమ్మ తలెత్తలేదు.

ఆ రేకుల కింద రెండు రోజులు రెండు సీసాల నీళ్లతో ఆడిందా పిల్ల. కిడ్నీ పోతుందన్న భయంతో నీళ్లు మానేసి, కిడ్నీ టెస్టులో ఫెయిలైంది. ఇలాంటి పొరపాటు మా ఉద్దానం వాళ్లే చేయగలరు. మరి నేను? ఏ కాలు ముందు కదిలింది, ఎవరి చెయ్యి ఎంత సాగింది అని చూడడానికే జీతం తీసుకుంటాను. రెండు కిలోలు తగ్గితే మెచ్చుకున్నాను. మూడేళ్లు రాజేంద్ర చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను. రోజుకి అరలీటరు, అంతకు మించి ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. నీళ్లు తాగని మనిషి ఇంట్లో ఉండటం నాకు అలవాటైపోయింది. అందుకే సంతోషి తాగకపోవడం కంటికి ఆనలేదు.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. చాలా రోజులకి వచ్చిందని మాత్రం తెలిసింది.

పలాస డాక్టరుకి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఒంట్లో నీళ్లు లేకపోతే అంకె పెరుగుతుందని, ఒక్క టెస్టుతో జబ్బని తేల్చకూడదని చెప్పాడు. నొప్పి మాత్రలేవైనా వేసుకుంటుంటే మానేసి, నీళ్లు తాగి, ఆట లేకుండా ఉండి మళ్లీ చేయించమన్నాడు. దేముడమ్మ ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది. ఇకమీదట డబ్బా నీళ్లు ఎక్కడైనా తాగొచ్చని కూతురితో అంది. నాకు టీ పెట్టింది. అది కూడా కేను నీళ్లతోనే.

మే 5, సోమవారం

సున్నా పాయింట్ ఎనిమిది.

ల్యాబు మెట్ల మీద సంతోషి కాగితం పట్టుకుని కూర్చుంది. మూడు నెలలకోసారి చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు. తల ఊపింది. ఇక టీమ్‌లో తీసుకుంటారు కదా మేడం అని అడిగింది. తీసుకుంటారనే చెప్పాను.

మే 6

రెండు రిపోర్టులూ, క్యాంపులో ఏం జరిగిందో, డాక్టరు ఏమన్నాడో అంతా ఈశ్వరరావు గారికి పంపాను. ఫోన్ చేసి బతిమాలాను కూడా. నేను ఎవర్నీ బతిమాలి చాలా కాలమైంది.

ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నారు. టీమ్ ఓనరుకి ఒకసారి ఆ మొదటి అంకె చూపించాక ఇంకేం చెప్పినా ఎక్కదన్నారు. అయినా రెండేళ్ల కాంట్రాక్టు, మధ్యలో ఏదైనా అయితే ఎవరు చూస్తారు అన్నారు. ఇప్పుడు బాగానే ఉంది కదా సార్ అన్నాను.

"కాగితం బాగుందమ్మా. ఊరే బాగులేదు."

అనేశాక గుర్తొచ్చినట్టుంది, నేను ఏ ఊరి మనిషితో కాపురం చేశానో. సారీ భవానీ అన్నారు. పర్లేదు సార్ అన్నాను. సరే అని మాత్రం అనలేదు.

మే 7

పర్లేదని ఎందుకన్నాను?

మే 9

ఏమీ లేదు. ఎండ.

మే 12, పొద్దున్న

మళ్లీ అక్కుపల్లి. నిజం చెప్పేశాను. మా టీమ్ తీసుకోదు, ఇంకో టీమ్‌కి నేను పేరు పంపగలను, కానీ మొదటి అంకె దాచి పంపను, ఎందుకంటే రేపు బయటపడితే దొంగ అంటారు అన్నాను. సంతోషి, తల్లి వైపు చూసింది. ఈ అంకె పది మందికి తెలిస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. టీమ్ దొరక్కపోగా, రేపు సంబంధాలు కూడా వెనక్కి పోవచ్చు. దేముడమ్మ ఎండిన చేపల్ని బుట్టలోకి ఎత్తి, చేతులు దులుపుకుంది.

"దాసినోలు ఏటైపోనారో నాను సూడనేదేటి. పంపీయండమ్మా. రెండూ పంపీయండి."

అదే రోజు, సాయంత్రం

ధర్మారావుకి పంపాను. వీడియోలు, క్యాంపు కొలతలు, రెండు రిపోర్టులు, డాక్టరు నంబరు. ఫోన్ చేసి, జోకు వేస్తున్నారా మేడం అన్నాడు. మీ టీమ్‌ని కాదని నాకెందుకు ఇస్తున్నారని అడిగాడు. చూసుకోండి, నచ్చకపోతే తీసేయండి అన్నాను. ఫోన్లో రిఫరీ విజిల్ వినపడింది. వీడియో చూస్తున్నాడు. ఈ పిల్ల నిలబడిపోయిందేంటి మేడం అన్నాడు.

ఇది బయటపడితే నా ఉద్యోగం ఉండదు. భయం వేయాలి. దాని కోసం చూశాను. రాలేదు.

జూన్ 8, ఆదివారం

డ్రాఫ్ట్. అక్కుపల్లి వెళ్లి చూశాను. దేముడమ్మ కబురు పెట్టింది. వద్దనుకుంటూనే బస్సెక్కాను.

అరుగు మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం. తండ్రి వేట నుంచి వచ్చి తడిబట్టలతోనే గోడకానుకుని నిలబడ్డాడు. మూడో రౌండులో మా టీమ్ సుస్మితని పిలిచింది. సంతోషి చప్పట్లు కొట్టింది. మంచి డిఫెండర్, నన్ను రెండుసార్లు పట్టింది అంది. నాలుగో రౌండు. ఐదో రౌండు. బెంగళూరు ఐదింట్లోనూ వేరేవాళ్లనే పిలిచింది. తండ్రి బట్టలు మార్చుకుంటానని లోపలికెళ్లాడు. ఆరో రౌండే ఆఖరిది. అది మొదలవగానే నెట్ పోయింది. తెర మీద ఒకావిడ నోరు తెరుచుకుని మాట మధ్యలో ఆగిపోయింది. సంతోషి ఫోన్ పట్టుకుని దిబ్బ మీదికి పరుగెత్తింది. మేం ఇద్దరం అక్కడే కూర్చున్నాం. దేముడమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యంతా పొలుసులు. నాకు వదిలించుకోవాలనిపించలేదు.

నా ఫోన్ మోగింది. ధర్మారావు. మా వాళ్లు పిలిచేశారు మేడం, ఆ పిల్లని నీళ్లు బాగా తాగమనండి అన్నాడు.

నేను చెప్తే దేముడమ్మ నమ్మలేదు. కూతురు దిబ్బ దిగి వచ్చేదాకా నమ్మలేదు. నమ్మాక, బెంగళూరులో నీళ్లు ఎలాంటివని అడిగింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. కాసేపటికి అది ఏడుపైపోయింది. రాజేంద్ర పోయిన రోజు రానిది, పెద్దకర్మ రోజు రానిది, ఎవరో పిల్లకి ఆరో రౌండులో టీమ్ దొరికితే వచ్చింది. తండ్రి కంగారుపడి బయటికొచ్చాడు. సంతోషి నన్ను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

జూన్ 10

ఈశ్వరరావు గారి ఫోన్. బెంగళూరు వాళ్లకి ఆ పేరు ఎలా తెలిసిందో నీకేమైనా తెలుసా అన్నారు. నేనే పంపాను సార్ అన్నాను. అటు నుంచి ఫ్యాను చప్పుడు వినిపించింది. ఓనరుకి నేను చెప్పనులే, నువ్వూ చెప్పకు అన్నారు. ఫోన్ పెట్టేశారు.

జూన్ 11

మళ్లీ ఏమీ అనిపించడం లేదు. కానీ మునుపటిలా కాదు.

ఆగస్టు 14, గురువారం

ఆదివారం మా టీమ్‌కి బెంగళూరుతో మ్యాచ్. సంతోషిని ఎక్కడ పట్టుకోవాలో రాసి పంపమన్నారు ఈశ్వరరావు గారు. ఆ పిల్ల ఆట నీకంటే ఎవరికి తెలుసన్నారు.

నిజమే. ఒక్కచోట దొరుకుతుంది.

కష్టం సార్ అని రాసి పంపాను. ఆ చోటేదో ఇక్కడ కూడా రాయను.