ఉన్నదున్నట్టు

అక్కా,

పేరు దాచితే మనిషిని దాచినట్టేనా? ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. క్లాసులో పిల్లలకు మాత్రం అవుననే చెబుతూ వచ్చాను.

నేను జర్నలిజం చదివే రోజుల్లో మా విభాగం వాళ్లం వారానికొక పత్రిక వేసేవాళ్లం, గుర్తుందా? బావ అదే యూనివర్సిటీలో లిఫ్టు మెకానిక్కు. ఒకరోజు మీ వంటింట్లో టీ తాగుతూ, "హాస్టలు లిఫ్టు తాడు పోగులు లేచిపోయింది మరదలు పిల్లా. తనిఖీ పుస్తకంలో మాత్రం బాగుందనే రాయిస్తున్నారు. రాసెయ్, నా పేరొద్దు" అన్నాడు.

రాశాను. పేరు పెట్టలేదు. కానీ ఆయన మాటొకటి ఉన్నదున్నట్టు పెట్టాను: "ఎక్కేటప్పుడు దేవుణ్ణి తలుచుకోండి, దిగాక నన్ను తలుచుకోండి." చెప్పినవాళ్ల మాట మార్చకూడదని మాకు నేర్పారు. మంచి మార్కులే వచ్చాయి. లిఫ్టెక్కిన ప్రతివాళ్లతోనూ బావ ఆ మాటే అనేవాడని నాకు తట్టనే లేదు.

పొద్దున పత్రిక వచ్చింది, మధ్యాహ్నానికి ఆయనకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. వారంలో తాడు మార్చారు. బావను నీళ్లశుద్ధి షెడ్డుకు పంపారు. క్లోరిను గాలిలో ఆరేళ్లు. ఆ దగ్గు సంగతి నీకు నేను చెప్పాలా?

నువ్వేమో ఆయనతో పనిచేసినతనే చాడీలు చెప్పాడనుకున్నావు. బావ పోయిన రోజు అతనొస్తే, "మళ్లీ ఎవరి కొంప ముంచడానికయ్యా?" అని గుమ్మంలోంచే పంపేశావు. నీ పక్కనే ఉండి నోరు మెదపలేదు నేను. పట్టించింది నా రాతేనని బావకు తెలుసు. ఒక్కసారే అన్నాడు: "మీ అక్కకు చెప్పకే. దానికున్నది ఒక్క చెల్లెలు."

ఈవేళ నా స్టూడెంటు ఒకమ్మాయి ఆ పత్రికకే పేజీ రాసి తెచ్చింది. హాస్టలు వంటగదిలో గ్యాసు పైపు కారుతోందట. చెప్పినాయన పేరు లేదు. మూడో వాక్యానికే ఆ వంటాయనెవరో నాకు తెలిసిపోయింది.

"ఆయనన్న ఈ మాట తీసెయ్యమ్మా, పట్టేస్తారు."

"తీసేస్తే మిగిలేది గాలేగా మేడమ్? కల్పించామంటారు. అయినా మాట మారిస్తే మార్కులు కోసేది మీరేగా!"

"ఏమవుతుందో ఆయనకు తెలుసా?"

"మీకు తెలుసా?" అని నవ్వింది.

గ్యాసు సంగతి ఆఫీసులో నేనే చెప్పి వచ్చాను. "చూద్దాం లెండి" అన్నారు. తాడు గురించి చెప్పినప్పుడు బావతోనూ అంతే అన్నారట. ఆ హాస్టల్లో ఎనిమిది వందల మంది పిల్లలు. నా సంతకం లేనిదే పేజీ అచ్చుకు పోదు, రేపు పదింటికల్లా పోవాలి.

ఇంత జరుగుతుందని తెలిసుంటే ఆనాడు రాసేదాన్నే కాదని నీకు చెప్పాలని ఉంది అక్కా. మూడుసార్లు రాసి కొట్టేశాను. నిజంగా మానేసేదాన్నా? తెలియడం లేదు. రేపు సంతకం పెడతానో లేదో, అదీ తెలియడం లేదు.

నీకున్న ఒక్క చెల్లెలు