తాడు లాగేసిన బావ

నోరీన్ అక్కకు,

ఇద్దరం క్షేమమే, నా వీపు తప్ప. నిన్న మీ ఆయన పట్టుబట్టాడని ఎస్కలాంటే ఊరి దగ్గరి ఇరుకు లోయలోకి తాళ్లతో దిగాం. "అందరూ దిగాకే తాడు కిందికి లాగాలి బావా, తర్వాతి దిగుడుకూ అదే కావాలి" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయనే ముందు దిగాడు. నేను నడుము పట్టీ బిగించుకుంటూ ఉండగానే, రాతి చుట్టూ ముడెయ్యకుండా వేసిన తాడు కళ్లముందే జర్రున జారిపోయింది. వంగి చూస్తే, చేలో నీళ్ల పైపు చుట్టినట్టు చుట్టేస్తున్నాడు.

"లవెల్ బావా! నేనింకా పైనే ఉన్నాను!"

"అయ్యో, దిగేశావనుకున్నానే! సరే, దిగు మరి!"

దేంతో దిగను? రెండో తాడూ ఆయన సంచిలోనే ఉంది. వీపు ఒక గోడకూ కాళ్లు ఎదుటి గోడకూ తన్నిపెట్టి జానెడు జానెడు జారాను. సగంలో ఉండగా కింద రొట్టె పొట్లం విప్పిన చప్పుడు. ఆ వెంటనే చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు: "తండ్రీ, మమ్మల్నందరినీ క్షేమంగా కిందికి దించినందుకు నీకు వందనాలు."

గోడల మధ్య వేలాడుతూ ఆమెన్ కూడా నేనే అన్నాను.

చొక్కా పీలికలైంది, నా పాత జీన్స్ చొక్కా పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? తోటకు కాలువ నీళ్ల వంతు వచ్చిందా? మీ ఆయన మళ్లీ వెళ్దామంటున్నాడు, శనివారం ఇంటికి బస్సెక్కించేస్తాను.

పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థన చేసేటట్టయితే నువ్వే చెయ్యి, ఆయన చేత మాత్రం చేయించకు.

నీ చెల్లెలు,
వెల్డా